మిద్దె చల్లబడిన వేసవి

గడ్డపార మొదటి దెబ్బ మిద్దె మీద పడినప్పుడు నేను కోడలి వీపు మీద తడిగుడ్డ పరుస్తున్నాను. రెండో దెబ్బకు పైనుంచి సున్నం పెళ్ళలు రాలి ఆ గుడ్డ మీద పడ్డాయి. మూడో దెబ్బకు ఫ్యాను ఊగింది. కరెంటు లేదు, గాలి లేదు. ఇనుము కాంక్రీటును కొట్టిన అదురుకే అది ఊగింది.

"చిన్నమామేనా అత్తా?" అని అడిగింది కోడలు, బోర్లా పడుకునే.

"ఇంకెవరు" అన్నాను.

రోహిణి కార్తె, శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండు దాటి ఇరవై నిమిషాలు. ఫ్యాను కొక్కేనికి కట్టిన థర్మామీటరు ముప్పై ఐదు చూపిస్తోంది. బయట నలభై మూడు. ఆ ఎనిమిది డిగ్రీల తేడా కోసం మేము రెండేళ్ళు తన్నుకులాడాం. ఇప్పుడు నా మరిది దాన్ని గడ్డపారతో పెకలిస్తున్నాడు.

మా పాళెం నెల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది. అందరం చేపల మీద బతికేవాళ్ళమే. ఉప్పెన తర్వాత ప్రభుత్వం కట్టించిన ఇళ్ళు మావి. ఒక్కో శ్లాబు కింద రెండు వాటాలు, మధ్యలో ఒంటి ఇటుక గోడ. పడమటి వాటాలో నేనూ నా కొడుకూ కోడలూ ఉంటాం. తూర్పు వాటాలో మరిదీ అతని భార్యా. మిద్దె మెట్లు వాళ్ళ వైపే ఉన్నాయి. ఇళ్ళల్లోకి వచ్చిన రోజే పెద్దల ముందు మాట అనుకున్నాం: బోరు, మోటారు నావి, మిద్దె మొత్తం వాళ్ళది, చేపలు ఎండబెట్టుకోవడానికి. నా తోడికోడలు ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ముఖ్యంగా నెత్తళ్లు, వేలెడంత సన్న చేపలు. పొద్దున పరిస్తే సాయంత్రానికి గలగలలాడేవి. ఆ శ్లాబు అంతగా కాలేది.

ఆ శ్లాబు కిందే మేము పడుకునేవాళ్ళం.

నేను ముప్పై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాశాను. ఎన్ని దిమ్మలు తీశారు, ఎన్ని కరిగాయి, గదిలో ఎంత, బయట ఎంత. పని మానేసినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో కూడా మూడు పూటలా థర్మామీటరు చూసి క్యాలెండరు గడిలో రాసేదాన్ని. నా కొడుకు నవ్వేవాడు. "అమ్మకు మనం కూడా ఐసు దిమ్మలమే. కరిగితే లెక్క తప్పుతాదని భయం" అనేవాడు.

వేసవి రాకముందే పాళెంలో అందరూ శ్లాబు మీద తాటాకు పరిచేవాళ్ళు. మేమూ పరిచేవాళ్ళం. వాళ్ళ ఒప్పుదలతో పడమర సగం మీద ఆకు, తూర్పు సగం మీద చేపలు. ఆకు కింద గదిలో నాలుగైదు డిగ్రీలు తగ్గేది. అగ్గి పడిన సంవత్సరం కూడా అలాగే పరిచాం. కృత్తిక కార్తెలో, వీధిలో ఒక పెళ్ళి ఊరేగింపు పోతుంటే పైకి వదిలిన తారాజువ్వ పక్కకు తిరిగి మా ఆకులో దూరింది.

అప్పుడు కోడలు మిద్దె మీద ఉంది. చిన్నత్తకు సాయంగా నెత్తళ్లు ఎత్తుతోంది. ఎండి గుల్లయిపోయిన తాటాకు ఎంత వేగంగా అంటుకుంటుందో చూసినవాళ్ళకే తెలుసు. చప్పుడుతో అంటుకుంటుంది, ఎవరో కోపంతో బట్ట చింపినట్టు. సముద్రం గాలి మంటను లేపి తెచ్చి ఆమె మీద వేసింది. ఆమె చీర నైలాను. తోడికోడలు కేకకు మేము బయటికి వచ్చేసరికి మెట్ల మీద నా మరిది ఆమెను తడివలలో చుట్టి దొర్లిస్తున్నాడు. అతని రెండు అరచేతులూ తోలు లేచిపోయాయి. ఆ చేతులతోనే ఆమెను మోసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. ఈ సంగతి నేను ఎప్పుడూ మర్చిపోలేదు. తర్వాత జరిగినవి చెప్పేటప్పుడు దీన్ని కూడా పక్కన పెట్టుకునే చెప్పాలి.

నెల్లూరు ఆస్పత్రిలో నాలుగు నెలలు ఉన్నాం. మెడ ఎడమ పక్క, వీపంతా, రెండు చేతులు కాలాయి. తొడల నుంచి చర్మం తీసి అతికారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "అమ్మా, అతికిన చోట చెమట పట్టదు. మనకు ఒళ్ళు వేడెక్కితే చెమట పోసి వేడి బయటికి పోతుంది. ఈమెకు ఆ దారి మూసుకుపోయింది. ఎండాకాలం గది వేడిగా ఉంటే జ్వరం ఎక్కినట్టు ఒళ్ళు ఎక్కిపోతుంది. చూస్తుండగానే ప్రాణం పోవచ్చు."

"ఎంత వేడి దాకా ఓర్చుకుంటుంది?" అని అడిగాను.

ఆయన నా మొహం చూశాడు. అంకె అడుగుతానని అనుకోలేదేమో. "ముప్పై ఆరు దాటనీయొద్దు" అన్నాడు.

మా గది వేసవిలో నలభై ఒకటి.

ఏసీ పెట్టలేదా అని చదివేవాళ్ళు అడుగుతారు. పెట్టాం. మధ్యాహ్నం కరెంటు తీస్తారు. ఉన్నప్పుడు కూడా వోల్టేజి చాలక మిషను మూలుగుతూ ఆగిపోతుంది. ఉప్పుగాలికి రెండో వేసవికే దాని వెనక రేకు పొడిపొడిగా రాలింది. పుట్టింటికి పంపుదామంటే అది రేకుల షెడ్డు, మా ఇంటికంటే పెద్ద పొయ్యి. తాటాకు సంగతి సరే సరి. అగ్గి పడిన వారంలోనే పాళెం పెద్దలు దురాయి పెట్టారు. దురాయి అంటే మా పాళేలలో పెద్దలు వేసే కట్టు. దాన్ని దాటినవాళ్ళతో ఎవరూ మాట్లాడరు, వాళ్ళ చేప ఎవరూ కొనరు. ఇకమీదట ఏ మిద్దె మీదా ఆకు పరవకూడదన్నారు. న్యాయమే. అయినా నా కోడలు ఒక వేసవంతా తడిగుడ్డల కింద బతికింది. రెండుసార్లు కళ్ళు తేలేసింది. రెండుసార్లూ నా కొడుకు ఆమెను భుజాన వేసుకుని సముద్రంలోకి నడిచాడు, మెడ దాకా నీళ్ళల్లో నిలబడి పట్టుకున్నాడు.

అప్పుడు నాకు ఐసు గది గుర్తొచ్చింది. దాని గోడల మధ్య మొదట్లో వరి ఊక నింపేవాళ్ళు, తర్వాత థర్మాకోలు పెట్టారు. దిమ్మను కరగనీయని సరుకు మనిషిని మాత్రం ఎందుకు కరగనిస్తుంది. ఒడ్డున రొయ్యలూ చేపలూ ఎగుమతి చేసేచోట పగిలిన థర్మాకోలు పెట్టెలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని ఏరి కడిగి, పలకలుగా కోసి, శ్లాబు మీద రెండు వరసలు పరిచాం. దాని మీద పాలిథీన్ పట్టా, ఇనుప జాలీ, రెండంగుళాల సిమెంటు, ఆపైన తెల్ల టైలు ముక్కలు. టైలు కింద ఇరుక్కుని ఉంటుంది కాబట్టి థర్మాకోలుకు నిప్పు తగలదు. పడమర సగమే వేస్తే పక్కనుంచి వేడి పాకుతుందని మేస్త్రీ చెబితే మొత్తం మిద్దె వేశాం. నా మరిదే పెట్టెలు మోశాడు. తోడికోడలు టైలు ముక్కలు అందించింది.

"తెల్లగా ఉండాదక్కా, ఆస్పత్రి మాదిరి" అంది.

"నీ నెత్తళ్లకి కూడా శుభ్రం, ఇసక అంటదు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. అందరం తలలూపాం. నలభై ఏళ్ళుగా చేప ఎండబెడుతున్న మనిషి, ముప్పై ఏళ్ళు వేడి లెక్క రాసిన మనిషి, ఇద్దరం ఆ మిద్దె మీద నిలబడి తలలూపాం. చేప పైన పడే ఎండకు సగమే ఎండుతుందనీ, మిగతా సగం కింద కాలే శ్లాబు ఎండబెడుతుందనీ మాలో ఒక్కరికీ తట్టలేదు.

గది ముప్పై ఐదుకు దిగింది. మధ్యాహ్నం పూట కోడలు రెండేళ్ళలో మొదటిసారి నిద్రపోయింది. నేను గుమ్మంలో కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉన్నాను.

పైన నెత్తళ్లు చెడడం మొదలైంది. పైకి వెండిలా ఎండినట్టు ఉండేవి, తిరగేస్తే అడుగున తడి. మూడో రోజుకు వాసన మారింది. నాలుగో రోజుకు పురుగు. తోడికోడలు వల మార్చింది, ఉప్పు పెంచింది, గంట గంటకూ తిరగేసింది. ఏది చేసినా అడుగు తడే. ఒక సాయంత్రం తట్టెడు పురుగు పట్టిన నెత్తళ్లు తెచ్చి నా గుమ్మం ముందు బోర్లించింది. కొన్ని నా పాదాల మీద పడ్డాయి. పురుగులు వేళ్ళ మధ్యకు పాకాయి.

"చూడక్కా. నీ మిద్దె చల్లదనం చూడు."

"ఈ నాలుగు నెలలూ ఇసకలో ఎండబెట్టుకో అమ్మే" అన్నాను.

"ఇసకలో ఎండబెడితే ఇసక చేపని కోళ్ళ మేతకి అడుగుతారు. తినేవాళ్ళు కొనరు. నీకు తెలీదా?"

"నా కోడలు చస్తే నీకు ఫరవాలేదా?"

"నీ కోడల్ని ఐసుపెట్టెలో పెట్టుకో అక్కా. వంజరం చేపలాగా చెడిపోకుండా ఉంటాది."

నేను ఆమె చెంప మీద కొట్టాను. నాకు అరవై తొమ్మిదేళ్ళు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నదాన్ని వీధిలో కొట్టాను. ఆమె తిరిగి కొట్టలేదు. నోట్లో రక్తం ఇసకలో ఉమ్మి, ఖాళీ తట్ట తీసుకుని వెళ్ళింది. లోపలి నుంచి కోడలు అంతా వింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడే గడ్డపార.

నేను మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి మరిది ఒక మంచం పట్టేంత మేర తవ్వేశాడు. టైలు ముక్కలు, సిమెంటు పెళ్ళలు, థర్మాకోలు తెల్లటి గింజలు గాలికి లేచి అతని చెమటకు అంటుకున్నాయి. నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. ఆ తెల్ల మిద్దె మీద ఎండ కళ్ళల్లో సూదులు గుచ్చినట్టు ఉంది.

"ఆపు అబ్బయ్యా" అన్నాను.

"మిద్దె నాదని పెద్దల ముందు ఒప్పుకున్నావు వదినా. నా మిద్దె నేను తవ్వుకుంటా ఉండా."

"కింద మనిషి ఉండాది."

"కింద మనిషి ఉండాదని ఈ వేసవంతా నా పెళ్ళాం పురుగులేరతా ఉండాది. ఒక్క తట్ట కూడా అమ్మలేదు. నువ్వు ఆమెను చెంప మీద కొట్టినావు. నేను నిన్ను కొట్టలేను కాబట్టి దీన్ని కొడతా ఉండా."

గడ్డపార పట్టుకున్నాను. ఎండకు కాలిన ఇనుము నా అరచేతికి అతుక్కుంది. అతను విదిలించాడు. విదిలించాడే గాని తోయాలని తోయలేదు. ఆ సంగతి పెద్దల ముందు కూడా అలాగే చెప్పాను. నేను మోకాళ్ళ మీద విరిగిన టైల్లో పడ్డాను. నా మోకాళ్ళ రక్తం తెల్ల ముక్కల మీద పడి వెంటనే గోధుమ రంగుకు మారి ఎండిపోవడం చూశాను. ఆ క్షణంలో కూడా, ఇది ఎంత వేడి ఉంటే ఇంత తొందరగా ఎండుతుంది అని లెక్క వేయబోయాను.

నా కొడుకు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఎవరో చెప్పి ఉంటారు. మెట్లు ఎక్కాడో దూకాడో తెలియదు. నన్ను కింద చూశాడు, నా రక్తం చూశాడు, సిమెంటు పెళ్ళ ఒకటి ఎత్తి చిన్నాయన నుదుటి మీద కొట్టాడు. కొబ్బరికాయ రాయికి తగిలిన చప్పుడు. మరిది వెనక్కి తూలి, కళ్ళల్లోకి రక్తం దిగుతుంటే గుడ్డిగా గడ్డపార తిప్పాడు. అది నా కొడుకు ఎడమ ముంజేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు చిన్నదే, ఎండుపుల్ల విరిచినట్టు. వాడు విరిగిన చెయ్యి వేలాడుతుండగానే కుడిచేత్తో చిన్నాయన గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ పెళ్ళల మీద పడి దొర్లారు. ఒకరినొకరు మోకాళ్ళతో పొడుచుకున్నారు, నోటికి అందినచోట కొరికారు. నా కొడుకు పళ్ళ మధ్య అతని చెవి కనిపించింది. తోడికోడలు మెట్ల పైన నిలబడి "చంపుకోండి, ఇద్దరూ చంపుకోండి" అంటూ చీర కొంగు కొరుకుతోంది.

ఆమెను పక్కకు జరిపి నా కోడలు మిద్దె మీదకు వచ్చింది.

కాలినప్పటి నుంచి ఆమె ఆ మెట్లు ఎక్కలేదు. తడిగుడ్డ భుజాల మీద ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు. ఎవరి వైపూ చూడలేదు. తవ్వినచోటికి నడిచి, బోడి శ్లాబు మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. నడినెత్తి ఎండ నేరుగా ఆమె వీపు మీద పడింది.

"తవ్వు చిన్నమామా" అంది. "మిగతాది కూడా తవ్వు. నేను కూర్చుంటా."

ఇద్దరూ ఒకరినొకరు వదిలేశారు. ఇద్దరి ఒంటి మీదా చెమట, రక్తం కలిసి కారుతున్నాయి. నా రవికె వీపుకు అతుక్కుపోయింది. తోడికోడలి మొహం నూనె రాసినట్టుంది. నా కోడలి మెడ మాత్రం కాగితంలా పొడిగా ఉంది. భుజాల మీది గుడ్డ అప్పటికే ఎండిపోయింది. ఒక్క చుక్క చెమట లేదు. నలుగురం నిలబడి ఆ పొడి మెడ చూశాం.

"లేమ్మా, లే తల్లీ" అన్నాడు మరిది. అతని చెంపల మీద కారేవి కన్నీళ్ళో రక్తమో తెలియదు.

ఆమె కళ్ళు ఎటో తిరిగాయి. నాలుక మందమైంది. "నెత్తళ్లు ఎత్తాల చిన్నత్తా" అంది. "అగ్గొస్తా ఉండాది. తొందరగా ఎత్తాల." ఉత్త శ్లాబు మీద రెండు చేతులతో చేపలు దోసిళ్ళకు ఎత్తడం మొదలుపెట్టింది. నాలుగు దోసిళ్ళు ఎత్తి పక్కకు ఒరిగిపోయింది.

ఆమెను కిందికి దించింది మరిదే. నా కొడుకు చెయ్యి ఒకటి విరిగి వేలాడుతోంది. గదిలో పడుకోబెట్టి చంకలో జ్వరం థర్మామీటరు పెడితే నూట ఆరు దాటింది. నేను నీళ్ళు పోస్తున్నాను, నీళ్ళు ఒంటి మీద వేడెక్కిపోతున్నాయి. అప్పుడు తోడికోడలు పెద్ద థర్మాకోలు పెట్టె ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ పొద్దున వచ్చిన చేపను ఐసులో పెట్టిన పెట్టె. చేపనంతా వాకిట్లో ఇసకలో పారబోసింది. పగలగొట్టిన ఐసు చేటతో తీసి కోడలి మెడ కింద, చంకల్లో, తొడల మధ్య కూరింది. ఆమె చేతులు గబగబా కదులుతున్నాయి, చేపను పెట్టెలో సర్దినట్టే. నిన్న తను అన్న మాట ఆమెకు గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. ఆటో వచ్చేసరికి నూట మూడుకు దిగింది. ఆస్పత్రిలో నర్సు కోడలి ఒంటి మీద నుంచి చేప పొలుసులు తుడుస్తూ మా వైపు అదోలా చూసింది. ముగ్గురినీ ఒకే వరసలో పడుకోబెట్టారు: కోడలిని, చెయ్యి విరిగిన కొడుకును, నుదురు కుట్లు వేయించుకున్న మరిదిని.

కోడలు బతికింది. రెండు రోజులకు నన్ను గుర్తుపట్టింది.

వలల షెడ్డులో పంచాయితీ జరిగింది. పెద్దలు నన్ను ముందు అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను, నేను కొట్టిన చెంపదెబ్బ కూడా కలిపి. వాళ్ళ తీర్పు: ఒకే ఇంటి రక్తం మిద్దె మీద పడింది కాబట్టి, నా కొడుకు చేతి కట్టు విప్పేదాకా ఇద్దరి పడవలూ ఇసకలోనే ఉండాలి. మిద్దె చేప ఎండబెట్టడానికని మాట ఇచ్చింది నేనే కాబట్టి, పైన వేసినదంతా తీసేయాలి. ఇకమీదట చేప తప్ప శ్లాబు పైన ఎవరూ ఏదీ పరవకూడదు.

"పిల్ల గతేంది?" అని అడిగాను.

పెద్దాయన పైకండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "పైన వొద్దన్నాం. కింద ఏం చేసుకుంటావో నీ ఇల్లు" అన్నాడు.

ఆ మాట తప్పించుకోవడానికే అన్నాడని అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంటికి నడిచి వచ్చేలోపు నా బుర్రలో లెక్క తిరగబడింది. వేడికి పెట్టే అడ్డును శ్లాబుకు పైన పెడితే శ్లాబూ గదీ రెండూ చల్లగా ఉంటాయి. ఆ అడ్డునే శ్లాబుకు కింద పెడితే గది చల్లగా ఉంటుంది; శ్లాబు మాత్రం కాలుతూనే ఉంటుంది. వేడి కిందికి దిగే దారి లేక ఇంకా ఎక్కువ కాలుతుంది. వాళ్ళ చేప వాళ్ళకు, మా గది మాకు.

మిద్దె మీద నుంచి తీసిన థర్మాకోలు పలకల్లో బాగున్నవి ఏరి, లోపల పైకప్పుకు కొట్టిద్దామన్నాడు నా కొడుకు. అప్పటికి కోడలు ఆస్పత్రి నుంచి వచ్చింది. మంచం మీద కూర్చుని ఒక ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఇది కాలతాదా అత్తా?"

అబద్ధం చెప్పలేదు. వాకిట్లోకి తీసుకెళ్ళి అగ్గిపుల్ల ముట్టించాను. ముక్క ముడుచుకుని, నల్లటి పొగ లేచి, మండే చుక్కలుగా ఇసకలో కారింది. ఒక్కో చుక్క కిందపడ్డాక కూడా మండింది. ఆమె ఆ చుక్కలు చూసింది, తన చేతులు చూసుకుంది.

"దీని కింద నేను పడుకోను" అంది. "వేడికి చచ్చినా సరే. ఇంకోసారి కాలి మాత్రం చావను."

నా కొడుకు బతిమాలాడు, అడుగున సిమెంటు బోర్డు వేస్తే నిప్పు తగలదన్నాడు, చివరకు విసుక్కుని గోడను గుద్దాడు. ఆమె మంచం దిగింది. బట్టలు మూట కట్టుకోవడం మొదలుపెట్టింది, పుట్టింటికి. రేకుల షెడ్డుకు.

"నాలుగు రోజులు ఆగమ్మాయ్" అన్నాను.

ఊక సంగతి చూద్దామని మర్నాడు కొడవలూరు దగ్గర ఒక బియ్యం మిల్లుకు పోయాను. ఊక కూడా కాలుతుందని తెలుసు; మట్టితో కలిపి బిళ్ళలు చేస్తే కాలదేమోనని ఆశ. ఉప్పుడు బియ్యం మిల్లు అది, వడ్లు ఉడికించడానికి బాయిలరు ఉంది. బాయిలరు నుంచి ఆవిరి పోయే గొట్టాలకు మందంగా ఏదో చుట్టి, పైన రేకు తొడిగారు. ఒకచోట రేకు ఊడింది. లోపల పసుపు బూడిద రంగులో దూదిలాంటిది. దాని మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. పక్కన ఏమీ చుట్టని గొట్టం ముక్క మీద మిల్లులో మనిషి నీళ్ళు చల్లి చూపించాడు. చుయ్యిమని ఆవిరైపోయాయి.

"ఏంది నాయనా ఇది?"

"రాక్‌వుల్ పెద్దమ్మా. రాతిని కరగబెట్టి దారం తీస్తారంట."

"కాలదా?"

"కాలేదైతే బాయిలరుకి ఎందుకు చుడతాం" అని నవ్వాడు. "దురద మాత్రం పెడతాది. చెయ్యి కడుక్కో."

ఊడినచోట నుంచి అరచేయంత ముక్క అడిగి తెచ్చుకున్నాను. మూడు రోజులు నా వేళ్ళు దురదపెట్టాయి.

ఆ సాయంత్రం కోడలిని వాకిట్లో కూర్చోబెట్టి, ఆ ముక్క ముందు పెట్టి, అగ్గిపెట్టె ఆమె చేతికి ఇచ్చాను. కాలినప్పటి నుంచి ఆమె అగ్గిపుల్ల గీయలేదు. పొయ్యి కూడా నేనే వెలిగించేదాన్ని. వేళ్ళ మధ్య చర్మం బిగుసుకుపోవడంతో పుల్ల సరిగా పట్టుకోవడం కుదరలేదు. మొదటిది విరిగింది. రెండోది గాలికి ఆరింది. మూడోది ముక్క అంచుకు ఆనించింది. పుల్ల కాలి, ఆమె గోటి దాకా వచ్చి, ఆరిపోయింది. ముక్క అంచు నల్లబడింది, అంతే. ఇంకో పుల్ల గీసింది. ఇంకొకటి. అగ్గిపెట్టె ఖాళీ అయ్యేదాకా గీసింది. నా కొడుకు మెడకు కట్టిన చేతితో గుమ్మంలో నిలబడి చూశాడు. ఖాళీ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి ఆమె లోపలికి వెళ్ళి మూట విప్పింది.

నెల్లూరు నుంచి రాక్‌వుల్ పలకలు తెచ్చి, శ్లాబు కింద ఇనుప చట్రం బిగించి, దాంట్లో పేర్చి, అడుగున సిమెంటు బోర్డు కొట్టించాం. గది ఎత్తు అయిదంగుళాలు తగ్గింది. పనివాళ్ళు మొహాలకు గుడ్డలు కట్టుకుని, దురదకు తిట్టుకుంటూ చేశారు. మరుసటి రోహిణి కార్తెలో మధ్యాహ్నం గదిలో ముప్పై ఆరు. మిద్దె మీద వేసినప్పటికంటే ఒక డిగ్రీ ఎక్కువ. డాక్టరు చెప్పిన గీత మీదే నిలిచింది. పైన బోడి శ్లాబు మీద చెయ్యి పెట్టలేం.

మరిది నాతో ఈనాటికీ మాట్లాడడు. నా కొడుకుతోనూ అంతే. అతని నుదుటి మీద మచ్చ ఎండకు ఎర్రబడుతుంది. గడ్డపార వాళ్ళ తలుపు పక్కన గోడకు ఆనించే ఉంది. ఎందుకో ఎవరూ లోపల పెట్టలేదు. వాళ్ళ తలుపు ముందు నుంచి వెళ్ళినప్పుడు నేనూ దాని వైపు చూడకుండా పోలేను.

మొన్న ఒక మధ్యాహ్నం కోడలు నిద్రపోతోంది. నేను థర్మామీటరు చూడడానికి స్టూలు ఎక్కబోతున్నాను. పైన దబ్బుమని చప్పుడైంది. కోడలు ఉలిక్కిపడి లేచి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ఇద్దరం ఊపిరి బిగబట్టి పైకి చూశాం. రెండో దెబ్బ కోసం చూశాం. బోర్డు కదలలేదు, పెళ్ళ రాలలేదు.

మెట్ల మీద నుంచి తోడికోడలు గొంతు వినిపించింది.

"తట్ట జారిందక్కా. నెత్తళ్ల తట్ట. ఇంకేం లే."

కోడలు నా చెయ్యి వదలడానికి ఇంకొంత సేపు పట్టింది. వదిలాక పక్కకు తిరిగి పడుకుంది. నేను స్టూలు ఎక్కి చూశాను. ముప్పై ఆరు. క్యాలెండరు గడిలో రాశాను.